పదకొండేళ్లు నిలిచిన వంతెన ఎందుకు కూలింది?

క్రిస్మస్ పండుగ ముగిసి నాలుగు రోజులైంది. 1876 డిసెంబరు 29, శుక్రవారం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సుకు దగ్గరగా ఉన్న అష్టబ్యూల అనే ఊరిలో ఎడతెగక మంచు కురుస్తున్నది. సరస్సు మీదుగా ఈదురుగాలి వీస్తున్నది. పండుగకు అయినవాళ్ల ఇళ్లకు వెళ్లి తిరిగి వస్తున్న కుటుంబాలతో పసిఫిక్ ఎక్స్‌ప్రెస్ అనే రైలు ఆలస్యంగా నడుస్తూ, రాత్రి ఏడున్నర ప్రాంతంలో ఆ ఊరి స్టేషనును సమీపించింది. మంచులో లాగడానికి రెండు ఇంజన్లు కట్టారు. వెనుక 11 పెట్టెలు ఉన్నాయి. లోపల సుమారు 160 మంది ఉన్నారు.

స్టేషను చేరడానికి ముందు దాటవలసినది ఒకటే ఉన్నది. అది అష్టబ్యూల ఏటి లోయ మీది ఇనుప వంతెన. కింద నీటికి దాదాపు 70 అడుగుల ఎత్తు. ఒక ఒడ్డు నుండి మరొక ఒడ్డుకు సుమారు 150 అడుగుల దూరం, నడుమ ఒక్క స్తంభమైనా లేదు.

మొదటి ఇంజను అవతలి ఒడ్డును సమీపిస్తుండగా, డ్రైవరుకు కాళ్ల కింద వంతెన కుంగుతున్నట్లు తెలిసింది. ఆయన ఒక్కసారిగా ఆవిరి పూర్తిగా వదిలి ఇంజనును ముందుకు దూకించారు. ఆ ఇంజను ఒక్కటే ఒడ్డెక్కింది. రెండవ ఇంజను, దాని వెనుక పెట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి లోయలోనికి పడిపోయాయి. చలికి పెట్టెలను వెచ్చగా ఉంచడానికి బొగ్గు పొయ్యిలు పెట్టారు, వెలుతురుకు నూనె దీపాలు వెలిగించారు. చెక్క పెట్టెలకు నిమిషాలలో మంటలు అంటుకున్నాయి. పడిపోవడంలో బ్రతికినవారు సయితం చెక్కల మధ్య ఇరుక్కొని మంటలకు ఆహుతి అయ్యారు. చనిపోయినవారు 92 మంది అని సాధారణంగా లెక్క చెబుతారు. గుర్తుపట్టలేని అవశేషాలను ఆ ఊరి శ్మశానంలో ఒకేచోట పాతిపెట్టారు. 1895లో అక్కడ ఒక స్మారక స్తంభం నిలిపారు.

ఆ రైలులో ఒక కీర్తనకారుడు

ప్రియ పాఠకులారా, ఎంతో దూరాన, ఎంతో కాలం కిందట జరిగిన ఈ ప్రమాదం మనకెందుకు అని మీరు అడుగవచ్చు. ఆ రైలులో ప్రయాణించిన ఒకరి పాటలు మన సంఘాలకు చేరాయి. ఆయన పేరు ఫిలిప్ పాల్ బ్లిస్. 1838లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక పేద కుటుంబంలో పుట్టారు. పాటలు రాశారు, రాగాలు కట్టారు, తానే పాడారు. మూడీ గారి సువార్త సభల కాలంలో ఆయన కీర్తనలు లోకమంతటా వ్యాపించాయి. 1873లో ఓడ మునిగి నలుగురు కుమార్తెలను పోగొట్టుకున్న స్పాఫర్డ్ గారు, ఆ దుఃఖంలో నెమ్మదిని గూర్చి రాసిన ప్రసిద్ధ కీర్తనకు రాగం కట్టింది బ్లిస్ గారే. ఆ రాగం అచ్చయినది 1876లో, ఆయన మరణించిన సంవత్సరంలోనే.

బ్లిస్ గారు, ఆయన భార్య లూసీ గారు పెన్సిల్వేనియాలోని రోమ్ అనే పల్లెలో తమవారితో క్రిస్మస్ చేసుకొని, ఆదివారం చికాగోలో మూడీ గారి మందిరంలో పాడడానికి బయలుదేరారు. ఇద్దరు చిన్న కుమారులను ఇంటివారి దగ్గర వదిలి వచ్చారు. ఆ దంపతుల దేహాలు దొరకలేదు. బ్లిస్ గారు కిటికీలో నుండి బయటపడి కూడా భార్య కొరకు తిరిగి మంటలలోనికి వెళ్లారని చెబుతారు. ఆయన పెట్టె వేరుగా చికాగో చేరిందనీ, అందులో దొరికిన ఒక పాటకు మెక్‌గ్రానహన్ గారు తరువాత రాగం కట్టారనీ కీర్తనల చరిత్రలో రాసి ఉన్నది.

ఈ సంగతిని అనేకమంది ప్రసంగికులు చెబుతారు, చెప్పవలసినదే. కాని చాలామంది అక్కడితో ఆపివేస్తారు. వంతెన ఎందుకు కూలిందో చెప్పరు. అది కూడా మన కుటుంబాలు తెలిసికొనవలసిన సంగతే.

ట్రస్ వంతెన అంటే

బల్ల ఊగుతుంటే వడ్రంగి ఏమి చేస్తాడు? కాలికీ పైచెక్కకూ మధ్య ఏటవాలుగా ఒక చెక్క కొడతాడు. ఊగడం ఆగిపోతుంది. ఎందుకంటే నాలుగు చెక్కల చదరం పక్కకు ఒరుగుతుంది, మూడు చెక్కల త్రిభుజం ఒరగదు. ఇంటి కప్పు కింద దూలం, వాసాలు కలిసే చోట చూడండి, అదే త్రిభుజం కనబడుతుంది. ఇటువంటి త్రిభుజాలను వరుసగా చేర్చి, తక్కువ లోహంతో ఎక్కువ దూరం దాటేలా కట్టినదే ట్రస్ వంతెన. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య గోదావరి మీద 1974 నాటి వంతెన దాటినవారు దీనిని కళ్లారా చూసే ఉంటారు. పైన రోడ్డు, కింద రైలు, నడుమ ఏటవాలుగా వరుసకట్టిన ఉక్కు కమ్ములు.

ట్రస్‌లో ప్రతి కమ్మికీ ఒక పని ఉంటుంది. కొన్ని బరువు కింద నొక్కుకొంటాయి, కొన్ని లాగబడతాయి. నొక్కుడుకు తట్టుకొనేది వేరు, లాగుడుకు తట్టుకొనేది వేరు. 1840లో విలియం హౌ అనే అమెరికా దేశస్థుడు ఒక పద్ధతికి పేటెంటు పొందారు. నొక్కుకొనే ఏటవాలు దూలాలకు కొయ్య, లాగబడే నిలువు కడ్డీలకు ఇనుము వాడడం అందులోని తెలివి. చౌకగా, తేలికగా ఉండడం వలన రైలు కంపెనీలు ఆ పద్ధతిలో ఎన్నో వంతెనలు కట్టాయి.

వినని చెవులు

అష్టబ్యూల వంతెనను 1865లో కట్టించినవారు అమాసా స్టోన్. ఆయన ఆ రైలు కంపెనీకి అధ్యక్షులు, హౌ గారికి బావమరిది. కొయ్య వంతెనలు కట్టించడంలో గొప్ప అనుభవం గలవారు, ధనవంతులు. ఈసారి కొయ్య లేకుండా, అదే హౌ పద్ధతిలో వంతెన అంతా ఇనుముతోనే కట్టాలని నిర్ణయించుకున్నారు. ఇంత పెద్ద వంతెనను ఆ విధంగా కట్టిన అనుభవం ఆయనకు లేదు.

కొయ్యకు బదులు ఇనుము పెడితే వంతెన సొంత బరువే ఎంతో పెరుగుతుంది. అది మోయడానికి ఏటవాలు దూలాలు మరింత బలంగా ఉండాలి. నమూనా గీసిన ఇంజనీరు జోసెఫ్ టామ్లిన్‌సన్ ఈ సంగతి గమనించారు. దూలాలు చాలవని, వాటికి అదనపు రేకులు రివెట్లతో బిగించాలని స్టోన్‌కు చెప్పారు. స్టోన్ ఒప్పుకొనలేదు. అంతేకాదు, టామ్లిన్‌సన్‌ను పనిలో నుండి తీసివేశారు.

వంతెన కూడా ఒక హెచ్చరిక చేసింది. కట్టడం పూర్తి చేసి కింద ఆనించిన కొయ్య సెంట్రింగు తీస్తుండగా అది కుంగింది. మరల సెంట్రింగు ఎత్తి సరిచేశారు. చూస్తే, ఏటవాలు దూలాలను నిలువుగా నిలపవలసినది అడ్డంగా పడుకోబెట్టినట్లు తేలింది. వాటిని తిప్పి నిలిపారు. మరల సెంట్రింగు తీశారు, ఇంజన్లను నడిపి పరీక్షించారు, రైళ్లకు తెరిచారు.

ఇల్లు కట్టించినవారికి ఇది అర్థమవుతుంది. సెంట్రింగు తీసిన రోజున స్లాబు కుంగితే మేస్త్రీ ఏమి చెబుతాడు, యజమాని ఏమి చేస్తాడు? అప్పటికి ఖర్చు అయిపోయింది. పది మంది చూస్తున్నారు. పగలగొట్టి మరల కట్టుదామని అనడానికి నోరు రాదు. ఏదో ఒకటి సర్ది నిలబెడతారు. నిలబడింది కదా అని అందరూ సంతోషిస్తారు.

లోపల ఉన్న గాలి గుల్ల

కమ్మరి కొలిమిలో కాల్చి సాగగొట్టిన నాగలి కర్రు రాయికి తగిలితే వంగుతుంది గాని పగలదు. అచ్చులో పోసి చేసిన పోత ఇనుప పెనం చేయిజారి బండ మీద పడితే రెండు ముక్కలవుతుంది. పోత ఇనుము నొక్కుడుకు బాగా నిలుస్తుంది, లాగుడుకూ వంపుకూ నిలువదు. పగిలే ముందు వంగి హెచ్చరించడం కూడా దానికి తెలియదు. పైగా అచ్చులో పోసేటప్పుడు గాలి చిక్కుకొంటే లోపల గుల్ల మిగిలిపోతుంది. పైకి మాత్రం నున్నగా కనబడుతుంది.

అష్టబ్యూల వంతెనలో ఏటవాలు దూలాలు వచ్చి ఆనుకొనే దిమ్మెలన్నీ పోత ఇనుముతో చేసినవి. ప్రమాదం తరువాత చార్లెస్ మెక్‌డానల్డ్ అనే ఇంజనీరు శకలాలను పరీక్షించి, పడమటి ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒక దిమ్మెకు గల కొమ్ము విరిగిందనీ, విరిగిన చోట లోపల గాలి గుల్ల ఉన్నదనీ కనుగొన్నారు. నూరేళ్లు దాటిన తరువాత, 1993లో ఇద్దరు ఇంజనీర్లు ఆ లెక్కలన్నీ మరల వేసి చూశారు. గుల్ల ఉన్న చోట రైలు వెళ్లిన ప్రతిసారీ పగులు కొంచెం కొంచెంగా పెరిగింది, చలికి ఇనుము మరింత పెళుసయింది, ఆ రాత్రి బరువుకు తెగిపోయింది అని వారు వివరించారు.

మరొక లోపం కూడా ఉన్నది. ఒక భాగం పోతే ఆ బరువును పక్క భాగం అందుకొనే ఏర్పాటు ఆ వంతెనలో లేదు. ఒక దిమ్మె విరగడంతో అంతా కూలింది.

అంటే ఆ వంతెన 1876లో ఒక్క రాత్రిలో చెడిపోలేదు. పదకొండేళ్లు రోజూ రైళ్లను మోస్తూనే, రోజూ కొంచెం కొంచెం తెగుతూ వచ్చింది. “ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా” అన్న మాట ఆ వంతెన మీద చివరి రైలు ఎక్కేవరకు నిజమే.

విచారణ చెప్పిన మూడు మాటలు

ఊరి జ్యూరీ చాలా వారాలు సాక్ష్యం విని, 1877 మార్చిలో తీర్పు చెప్పింది. అందులో మూడు సంగతులు ముఖ్యమైనవి. వంతెన నమూనాలోనూ కట్టడంలోనూ తప్పులున్నాయి. వంతెనల పని తెలిసినవారు జాగ్రత్తగా పరీక్షించి ఉంటే పదకొండేళ్లలో ఎప్పుడైనా ఆ తప్పులు బయటపడేవి. పెట్టెలలో చట్టం చెప్పిన విధమైన పొయ్యిలు పెట్టి ఉంటే, మంటలు ఆర్పవలసినవారు ఆర్పి ఉంటే, ఇంతమంది చనిపోయేవారు కారు.

స్టోన్ గారు చివరి వరకు వంతెనలో లోపం లేదనే అన్నారు. రైలు పట్టాలు తప్పి వంతెనను కొట్టిందని వాదించారు. ఆయన 1883లో తన ప్రాణం తానే తీసుకున్నారు. అప్పటికి ఆయనకు కొడుకు పోయిన దుఃఖం, అనారోగ్యం, వ్యాపార నష్టాలు కూడా ఉన్నాయి గనుక ఈ వంతెన ఒక్కటే కారణమని అనడం న్యాయం కాదు. కంపెనీ ముఖ్య ఇంజనీరు చార్లెస్ కాలిన్స్, విచారణలో సాక్ష్యం చెప్పిన కొద్ది రోజులకే 1877 జనవరిలో తన ఇంటిలో తుపాకి గాయంతో మరణించి కనబడ్డారు. రైలులో పోయినవారి కుటుంబాలే కాక, ఈ కుటుంబాలు కూడా నలిగిపోయాయి.

తరువాతి ఏళ్లలో రైలు వంతెనలలో పోత ఇనుము వాడడం తగ్గిపోయింది. వంతెనల నమూనాలను ఆ పని ప్రత్యేకంగా నేర్చినవారికే అప్పగించడం మొదలైంది. పెట్టెలలో బొగ్గు పొయ్యిలు పోయి, ఇంజను ఆవిరితో వెచ్చదనం ఇచ్చే పద్ధతి వచ్చింది. ఈనాడు మనం నిశ్చింతగా వంతెన దాటుతున్నామంటే, ఇటువంటి ప్రమాదాలలో పోయినవారి మరణాలు నేర్పిన పాఠాలు దాని వెనుక ఉన్నాయి.

దేవుని మీదికి నెట్టవద్దు

ప్రమాదం జరిగినప్పుడు మన నోట మొదట వచ్చే మాట “దేవుని చిత్తం”. దుఃఖంలో ఉన్నవారికి ఆదరణగా ఆ మాట చెబితే తప్పు పట్టను. అయితే తన పని తాను సరిగా చేయనివాడు ఆ మాట చాటున దాగుకొంటే అది భక్తి కాదు. దిమ్మెలో గుల్ల దేవుడు పెట్టలేదు. టామ్లిన్‌సన్‌ను పనిలో నుండి దేవుడు తీసివేయలేదు.

లూకా సువార్త 13వ అధ్యాయములో సిలోయము గోపురం కూలి 18 మంది మరణించిన సంగతి ఉన్నది. చనిపోయినవారు మిగతావారికంటె పాపులు అనుకొనవద్దని యేసు ప్రభువు అక్కడ స్పష్టంగా బోధించారు. బ్లిస్ దంపతుల విషయంలోనూ, మన ఊళ్లలో ప్రమాదంలో పోయినవారి విషయంలోనూ ఇది గుర్తుంచుకొనవలసిన మాట. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో మరొక ఆజ్ఞ ఉన్నది. కొత్త ఇల్లు కట్టేవాడు కప్పుకు పిట్టగోడ కట్టాలి. కట్టకపోవడం వలన ఎవరైనా పడిపోతే ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది. పిట్టగోడ కట్టడం కూడా దేవుని మందిరంలో ఆరాధన చేసినట్లే ఆయన ఆజ్ఞకు లోబడడం.

మన ప్రాంతానికి కూడా ఇటువంటి దుఃఖం కొత్త కాదు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర రైలు వంతెన కూలి వందమందికి పైగా మరణించారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు వెంటనే రాజీనామా ఇస్తామన్నారు, ప్రధాని నెహ్రూ గారు ఒప్పుకొనలేదు. నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మరొక ప్రమాదం జరిగినప్పుడు శాస్త్రి గారు మరల రాజీనామా ఇచ్చి పదవి విడిచారు. ఆ వంతెనలను ఆయన కట్టలేదు. అయినా బాధ్యత నాది అన్నారు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర, భారీ వర్షాలకు చెరువు తెగి వరద వచ్చి రైలు కట్ట కొట్టుకొనిపోగా డెల్టా ప్యాసింజరు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. చెరువు కట్టను చూసుకొనడం ఎంత పెద్ద పనో మన పల్లెలు ఆనాడు చూశాయి.

మన చేతిలో ఉన్నది

మనలో ఎక్కువమంది రైలు వంతెనలు కట్టేవారం కాము. అయినా ఇల్లు కట్టిస్తాము. మందిరానికి స్లాబు వేయిస్తాము. పిల్లలను బడి ఆటోలో ఎక్కిస్తాము. చెరువు కట్ట మీద, కాలువ మీది చప్టా మీద రోజూ నడుస్తాము. కనుక కొన్ని మాటలు మనవి చేస్తున్నాను.

ఇంటికైనా మందిరానికైనా స్లాబు వేసేటప్పుడు డబ్బు చాలకపోతే పని ఆపండి గాని కడ్డీ తగ్గించవద్దు. మరొక పంట వచ్చేదాకా రేకుల కింద ఆరాధించినా దేవుడు వింటాడు.

పని తెలిసినవాడు “ఇది చాలదయ్యా” అంటే, అతడు కూలివాడని చిన్నచూపు చూడవద్దు. మేస్త్రీ అయినా, సెంట్రింగు కొట్టే కుర్రవాడైనా, ఇంటి కోడలైనా, చెప్పిన మాటను పరీక్షించండి. అడ్డు చెప్పినవాడిని పనిలో నుండి తీసివేసినంత మాత్రాన అతడు చూపిన లోపం పోదు. సంఘ పెద్దలు, కమిటీలవారు ఈ మాట మరింతగా ఆలోచించాలి.

ఏటా ఒకసారి, వర్షాలకు ముందు, మందిరం కప్పునూ గోడలనూ పైకి ఎక్కి చూడండి. పెచ్చులూడి తుప్పు పట్టిన కడ్డీ బయటపడితే సున్నం పూసి కప్పివేయవద్దు. తెలిసినవారిని పిలిచి చూపించండి. బడి గోడ పగిలితే, చెరువు కట్టకు గండి పడేలా ఉంటే, నలుగురు కలిసి అర్జీ రాసి ఇవ్వండి. ఇచ్చి ఊరుకొనక, మరల వెళ్లి అడగండి. అది రాజకీయం కాదు, పొరుగువాని ప్రాణాన్ని ప్రేమించడం.

బ్లిస్ గారు తన 38వ ఏట పాడుతూ ఉండవలసినవారు, ఆ ఏటి లోయలో పోయారు. తల్లిదండ్రులిద్దరూ లేక ఆ ఇద్దరు పిల్లలు పెరిగారు. టామ్లిన్‌సన్ అడిగింది దూలాలకు కొన్ని ఇనుప రేకులు మాత్రమే. ఈసారి మీ ఇంటిలోనో, సంఘంలోనో ఎవరైనా వచ్చి “ఇక్కడ ఒక దూలం బలహీనంగా ఉన్నది” అని చెబితే, కూర్చోబెట్టి, కాసిని మంచినీళ్లు ఇచ్చి, చివరి వరకు వినండి.